మీకు తెలుసా? వాసన రాని గంజాయి, మాట రాని బాధ

గంజాయి అనగానే చిలుము, బీడీ, ఘాటు వాసన గుర్తొచ్చే తరం మనది. పిల్లవాడి బల్ల మీద పెన్‌డ్రైవ్ లాంటిదొకటి కనిపిస్తే ఏ తల్లీ అనుమానపడదు. గంజాయి ఇప్పుడు ఆ రూపంలో, వేప్ అనే ఆవిరి పీల్చే పరికరంలో, జేబులోకి చేరింది. ఏ పిల్లలకైనా అది చేటే. ఇప్పటికే కుంగుబాటుతోనో, ఆందోళనతోనో, బైపోలార్ లాంటి జబ్బుతోనో నలుగుతున్న పిల్లలకైతే ప్రాణాల మీదికి రావచ్చు. పెద్దవాళ్లకు తప్పక తెలియాల్సిన సంగతులు కొన్ని చూద్దాం.

వేప్‌లో ఉండేది ఆకు కాదు, సారం

గంజాయి మత్తుకు మూలమైన టీహెచ్‌సీ అనే రసాయనాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెషౌలం, యెహియెల్ గావోని వేరుచేసి చూపించారు. అమెరికాలో అధికారులు పట్టుకున్న గంజాయిని మిసిసిపీ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి పరీక్షిస్తోంది. ఆ లెక్కల్లో టీహెచ్‌సీ 1995లో సగటున 4 శాతం, 2014 నాటికి 12 శాతం. వేప్ కార్ట్రిడ్జ్‌లో పోసేది మొక్క నుంచి తీసిన చిక్కటి నూనె. అందులో 60 శాతం దాటడం మామూలే, 80 శాతం పైబడినవీ ఉన్నాయి. “మా రోజుల్లోనూ హాస్టల్లో తాగేవాళ్లు, వాళ్లకేమైంది?” అనే పెద్దలు ఈ తేడా గమనించాలి. వాళ్లు చూసిన గంజాయి వేరు, ఈ పిల్లల చేతికొచ్చింది వేరు.

మోతాదు ఒకటే, మత్తు ఎక్కువ

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2018లో 17 మంది ఆరోగ్యవంతులైన పెద్దల మీద ఒక పరీక్ష చేశారు. వీళ్లెవరూ తరచూ గంజాయి తీసుకునేవాళ్లు కారు. అదే గంజాయిని, అదే మోతాదులో ఒకసారి పొగగా, మరోసారి ఆవిరిగా పీల్పించారు. ఆవిరిగా పీల్చినప్పుడు రక్తంలో టీహెచ్‌సీ ఎక్కువగా చేరింది, మత్తూ ఎక్కువైంది, ఆలోచన, చేతుల పట్టు మరింత తప్పాయి. పెద్ద మోతాదు, అంటే 25 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ తీసుకున్నప్పుడు కొందరికి వాంతులయ్యాయి, ఒకరికి లేనివి కనిపించాయి. అప్పుడు వాడింది మామూలు ఆకే, చిక్కటి నూనె కాదు. పైగా వాళ్లు వైద్యుల కళ్ల ముందున్న పెద్దవాళ్లు. గదిలో ఒంటరిగా పీల్చే పదిహేనేళ్ల పిల్లకు ఆ కాపలా ఉండదు.

ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపు

ఇప్పటి ఈ-సిగరెట్‌ను 2003లో రూపొందించింది హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు. సిగరెట్ మానలేనివారికి ప్రత్యామ్నాయంగా మొదలైన ఆ పరికరం తర్వాత గంజాయి నూనెకూ వాహనమైంది. అమెరికా స్కూలు పిల్లల్లో మత్తు అలవాట్లను మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి ఏటా సర్వే చేస్తోంది. గడిచిన నెలరోజుల్లో గంజాయి వేప్ చేశామన్న 12వ తరగతి పిల్లలు 2018లో 7.5 శాతం. 2019లో 14 శాతం. ఆ సర్వే చరిత్రలో ఒక్క ఏడాదిలో ఇంతకన్నా ఎక్కువ పెరుగుదల కనిపించింది ఒక్కసారే. అది అంతకు ముందు ఏడాది నికోటిన్ వేప్ విషయంలో.

మెదడు ఇంకా కడుతున్న ఇల్లు

మన మెదడులోనే టీహెచ్‌సీలా పనిచేసే రసాయనాలు సహజంగా ఉంటాయి. ఆనందమైడ్ అనే అలాంటి రసాయనాన్ని 1992లో కనుగొన్నారు. ఆకలి, నిద్ర, భయం, జ్ఞాపకం, మనసు నిలకడ వీటన్నిటినీ అదుపులో పెట్టే ఏర్పాటులో అది భాగం. ఎదిగే వయసులో నాడీకణాల మధ్య దారులు కుదురుకోవడంలోనూ ఆ ఏర్పాటుకు పాత్ర ఉంది. బయటి నుంచి వచ్చిన టీహెచ్‌సీ సరిగ్గా అక్కడే జొరబడుతుంది. తొందరపాటును ఆపి, “ఆగు, ఆలోచించు” అని చెప్పే మెదడు ముందు భాగం పూర్తిగా పరిణతి చెందేది 25 ఏళ్లు వచ్చేసరికి. ఐరోపాలో 799 మంది పిల్లల మెదళ్లను ఐదేళ్ల తేడాతో స్కాన్ చేసి 2021లో ఫలితాలు ప్రకటించారు. గంజాయి ఎక్కువగా వాడినవారిలో ఆ ముందు భాగపు పైపొర ఎక్కువగా పలచబడింది. చచ్చిపోవాలన్న ఆలోచన ఉప్పెనలా వచ్చినప్పుడు మనిషిని నిలబెట్టేది ఆ భాగమే.

హాయి కొన్ని గంటలు, దిగులు కొన్ని వారాలు

కుంగుబాటులో ఉన్న పిల్లలు గంజాయిని సరదాకి పట్టుకోవడం తక్కువ. నిద్ర పట్టక, గుండె దడ తగ్గక, తలలో గోల ఆగక పట్టుకుంటారు. మొదట్లో కాస్త నెమ్మదించినట్టే ఉంటుంది. రోజూ వాడేకొద్దీ మెదడు దానికి అలవాటుపడి, అది లేకపోతే చికాకు, కోపం, నిద్రలేమి, ఆకలి మందగించడం, దిగులు మొదలవుతాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన జబ్బుల వర్గీకరణలో గంజాయి మానినప్పుడు వచ్చే ఈ లక్షణాలకు చోటిచ్చింది. మానిన ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇవి మొదలై, మొదటి వారంలో ముదిరి, సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతాయి.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ లక్షణాలు అచ్చం కుంగుబాటు లక్షణాల్లాగే ఉంటాయి. “చూశావా, వేప్ లేకపోతే నా జబ్బు తిరగబెడుతోంది” అని పిల్లవాడు నమ్ముతాడు. మళ్లీ పీలుస్తాడు. వేప్ వాసన పెద్దగా రాదు కనుక బాత్రూంలోనైనా, తరగతి గది వెనక బెంచీలోనైనా, అర్ధరాత్రి దుప్పటి కిందైనా పీల్చవచ్చు. అలా రోజుకు ఒకటి రెండుసార్లుగా ఉన్న అలవాటు గంటకోసారికి చేరుతుంది. అసలు జబ్బుకు మాత్రం వైద్యం అందదు.

23 వేల మంది చెప్పిన లెక్క

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాబ్రియెల్లా గొబ్బీ బృందం పాత అధ్యయనాలు 11 తీసుకుని, మొత్తం 23,317 మంది వివరాలను కలిపి 2019లో విశ్లేషించింది. పద్దెనిమిదేళ్లు నిండకముందే గంజాయి వాడినవారిని, వాడనివారిని పోల్చింది. వాడినవారిలో యువ వయసుకొచ్చాక కుంగుబాటు అవకాశం 1.37 రెట్లు, ఆత్మహత్య ఆలోచనలు ఒకటిన్నర రెట్లు, ఆత్మహత్యాయత్నం దాదాపు మూడున్నర రెట్లు. ఆందోళన విషయంలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి 2014లో వెలువరించిన మరో అధ్యయనంలో, 17 ఏళ్లలోపు రోజూ గంజాయి వాడినవారిలో ఆత్మహత్యాయత్నం అవకాశం దాదాపు ఏడు రెట్లు కనిపించింది.

జబ్బున్న పిల్లల మీదే చేసిన అధ్యయనం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద వైద్యం పొందిన 10 నుంచి 24 ఏళ్ల వారి రికార్డులను పరిశీలించి 2021లో ఫలితాలు వెల్లడించారు. అందరూ కుంగుబాటు, బైపోలార్ లాంటి మానసిక జబ్బులతో ఉన్నవారే. మొత్తం 2,04,780 మంది. వారిలో 10.3 శాతం మందికి గంజాయి వ్యసనం ఉన్నట్టు నిర్ధారణ అయింది. జబ్బు మాత్రమే ఉన్నవారితో పోలిస్తే, జబ్బుతోపాటు వ్యసనమూ ఉన్నవారు తమను తాము గాయపరచుకునే ముప్పు మూడు రెట్లు మించింది. మత్తుపదార్థాల మోతాదు మించి పొరపాటున చనిపోవడం, హత్యకు గురికావడం కూడా ఎక్కువే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇతర కారణాలను లెక్కలోంచి మినహాయించాక, ఆత్మహత్య మరణాల్లో మాత్రం గట్టి తేడా ఆ అధ్యయనంలో తేలలేదు. అంతమాత్రాన ఊరట చెందలేం. తనను తాను గాయపరచుకున్న చరిత్రే తర్వాతి ఆత్మహత్య ముప్పుకు బలమైన సూచన అని మానసిక వైద్యులు చెబుతారు.

గంజాయే కారణమా?

ఈ అధ్యయనాలన్నీ రెండిటి మధ్య సంబంధాన్ని చూపించాయి. గంజాయే కారణమని తేల్చలేదు. బాధలో ఉన్న పిల్లలే గంజాయి వైపు వెళ్లడం ఒక దారి, గంజాయి వల్ల బాధ ముదరడం ఇంకో దారి. ఇంట్లో హింస, చిన్ననాటి గాయాలు, పేదరికం, స్నేహాలు రెండిటికీ కారణం కావడం మూడో దారి. అమెరికా జాతీయ మత్తుపదార్థాల పరిశోధన సంస్థ 18 నుంచి 34 ఏళ్ల వారు 2,80,000 మందికి పైగా ఇచ్చిన జవాబులను పరిశీలించి 2021లో ఒక సంగతి చెప్పింది. కుంగుబాటు లేనివారిలోనూ గంజాయికీ ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం కనిపించింది, పురుషులకన్నా స్త్రీలలో అది ఇంకా బలంగా ఉంది.

ఈ లెక్కలు గంజాయి వాడకం మొత్తానివి, వేప్ ఒక్కదానివి కావు. ఎక్కువ గాఢత, ఎక్కువసార్లు, ఎవరికీ తెలియకుండా పీల్చే వీలు అనే మూడూ వేప్‌లో కలిసొస్తాయి. తల్లిదండ్రులు జాగ్రత్తపడటానికి ఈపాటి తెలిస్తే చాలు. ఏది ముందు, ఏది వెనక అనే చర్చ పరిశోధకులది. పిల్లవాడికి రెండూ ఉంటే రెండిటికీ వైద్యం కావాలి.

లేని గొంతులు వినిపించే ముప్పు

స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,570 మంది యువకుల వివరాలతో 1987లో వచ్చిన అధ్యయనం, 50సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రేనియా ఆరు రెట్లు కనిపించిందని చెప్పింది. 2019లో ఐరోపా, బ్రెజిల్‌లలోని 11 చోట్ల జరిపిన పరిశోధనలో, టీహెచ్‌సీ 10 శాతమో అంతకన్నా ఎక్కువో ఉన్న గంజాయిని రోజూ వాడేవారికి మతిభ్రమ వ్యాధుల అవకాశం దాదాపు ఐదు రెట్లని తేలింది. వేప్ నూనె గాఢత ఆ 10 శాతాన్ని ఎంతగా మించిందో ముందే చూశాం. కెనడాలోని ఒంటారియోలో 2024లో వెలువడిన అధ్యయనంలో 12 నుంచి 19 ఏళ్లలో గంజాయి వాడినవారికి మతిభ్రమ వ్యాధుల అవకాశం 11 రెట్లు. 20 నుంచి 33 ఏళ్ల వారిలో అలాంటి సంబంధం తేలలేదు. వయసు తేడా ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. “చచ్చిపో” అని ఎవరో చెవిలో చెబుతున్నట్టు వినిపిస్తోందని పిల్లలు అంటే, దాన్ని గాలి సోకిందని వదిలేయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గొట్టంలో ఏముందో పీల్చేవాడికీ తెలియదు

2019లో అమెరికాలో వేప్ చేసేవారు ఊపిరితిత్తులు దెబ్బతిని వరసగా ఆసుపత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 కేసులు నమోదయ్యాయి, 68 మంది చనిపోయారు. ఎక్కువమంది వాడింది టీహెచ్‌సీ వేప్‌లు. స్నేహితులు, వీధి వ్యాపారుల దగ్గర కొన్న నూనెలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఈ అసిటేట్ ప్రధాన దోషిగా తేలింది.

ఇంగ్లండ్‌లో బాత్ విశ్వవిద్యాలయం 38 పాఠశాలల్లో పిల్లల దగ్గర స్వాధీనం చేసుకున్న 596 వేప్‌లను పరీక్షించి 2024లో ఫలితాలు చెప్పింది. ప్రతి ఆరింటిలో ఒకదాంట్లో స్పైస్ అనే కృత్రిమ మత్తు ఉంది. పిల్లలు దాన్ని గంజాయి నూనె అనుకునే కొంటున్నారని పరిశోధకులు హెచ్చరించారు. కృత్రిమ మత్తులు మెదడులో టీహెచ్‌సీకన్నా బలంగా పనిచేస్తాయి. మూర్ఛ, గుండె దెబ్బతినడం, తీవ్రమైన మతిభ్రమ రావచ్చు.

మందులు వాడుతున్నవారికి మరో చిక్కు

గంజాయిలోని మరో రసాయనం సీబీడీ. కొన్ని మందులను అరిగించే కాలేయపు ఎంజైములను ఇది అడ్డుకుంటుంది. కుంగుబాటుకు వాడే సిటాలోప్రామ్ మోతాదు రక్తంలో దీనివల్ల పెరుగుతుందని 2021లో పరిశోధకులు చూపించారు. పిల్లలు వేప్ సంగతి దాస్తే, మందు పనిచేయడం లేదని వైద్యులు మోతాదు మార్చే ప్రమాదం ఉంది. వైద్యుడితో పిల్లలు ఏకాంతంగా మాట్లాడేందుకు పది నిమిషాలు గది బయట కూర్చోవడం తల్లిదండ్రులు చేయగల మంచి పని.

కొలరాడో నేర్చుకున్న పాఠం

కొలరాడో రాష్ట్రం 2012లో ప్రజల ఓటుతో గంజాయిని చట్టబద్ధం చేసింది. 2014 జనవరి నుంచి 21 ఏళ్లు నిండినవారికి దుకాణాల్లో అమ్మకం మొదలైంది. గాఢమైన నూనెలు, మైనాలు పిల్లల చేతికి చేరుతున్నాయని తల్లిదండ్రులు ఆందోళన చేశాక, 2021లో అదే రాష్ట్రం చట్టం బిగించింది. వైద్య కార్డు మీద కొనే 18 నుంచి 20 ఏళ్ల వారికి గాఢ పదార్థాలు రోజుకు 2 గ్రాములకు మించి అమ్మకూడదంది. 25 ఏళ్లలోపు వారు ఆత్మహత్య, ప్రమాదం లాంటి కారణాలతో చనిపోతే ఒంట్లో ఏ మత్తుపదార్థాలు ఉన్నాయో పరీక్షించాలంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పక్కింటి సంగతి. 2018 నాటి వ్యవసాయ చట్టం గంజాయి జాతికే చెందిన హెంప్ పంటకు అనుమతినిచ్చింది. దాని నుంచి తీసిన డెల్టా-8 లాంటి మత్తు వేప్‌లు చాలాచోట్ల పెట్రోలు బంకుల్లోకీ వచ్చాయి. “దుకాణంలో అమ్ముతున్నారుగా, ఏమీ కాదు” అన్న పిల్లల వాదనకు తల్లిదండ్రుల దగ్గర జవాబు ఉండాలి.

మన దగ్గర

దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, ప్రకటనలు 2019 నుంచి నిషేధం. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గంజాయి నూనెను 1985 నాటి మత్తుపదార్థాల చట్టం చరస్ కిందే లెక్కగడుతుంది. గంజాయిలో 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం, చరస్‌లో ఒక కిలో దాటితే చాలు. అయినా విశాఖ మన్యం నుంచి తెచ్చిన ఈ గంజాయి నూనె, అంటే హ్యాష్ ఆయిల్, హైదరాబాద్‌లో చిన్న సీసాల్లో పట్టుబడుతూనే ఉంది. ఎయిమ్స్ నిపుణులు జరిపి 2019లో వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో 10 నుంచి 17 ఏళ్ల వారిలో గంజాయి రకాలు వాడేవారు సుమారు 20 లక్షలు.

ఏం గమనించాలి?

పెన్ను, యూఎస్‌బీ, లిప్‌స్టిక్ ఆకారంలో తెలియని వస్తువులు. బంగారు రంగు నూనె ఉన్న చిన్న గాజు గొట్టాలు. ఎర్రబడిన కళ్లు, పట్టపగలు మగత, చదువులో హఠాత్తుగా వెనకబడటం, పాత స్నేహితులను వదిలేయడం. పదేపదే వాంతులై, వేణ్నీళ్ల స్నానంతోనే ఉపశమనం దొరకడం దీర్ఘకాలం గంజాయి వాడేవారిలో కనిపించే ప్రత్యేక లక్షణం. ఇష్టమైన వస్తువులు పంచేయడం, “నేను లేకపోతే మీకే హాయి” లాంటి మాటలు, ఎప్పుడూ లేనంతగా వీడ్కోలు చెప్పడం కనిపిస్తే వేప్ సంగతి పక్కనపెట్టి ముందు ప్రాణం సంగతి చూడాలి.

అడిగితే ఆ ఆలోచన పుడుతుందా?

పుట్టదు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది విద్యార్థులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. ఆత్మహత్య గురించి నేరుగా అడిగిన పిల్లల్లో అలాంటి ఆలోచనలు గానీ, దిగులు గానీ పెరగలేదు. కుంగుబాటుతో ఉన్నవారికి, అంతకుముందు ప్రయత్నించినవారికి అడగడమే కొంత ఊరటనిచ్చిన సూచనలు కనిపించాయి.

కాబట్టి పక్కన కూర్చుని తేటగా అడగండి. “నాన్నా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఇప్పుడు అనిపిస్తోందా?” అనండి. అవునంటే “నీకేం తక్కువ చేశాం?” అనకండి. “చెప్పినందుకు మంచి పని చేశావు. ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం” అనండి. ఆ రాత్రి పిల్లలను ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న మాత్రలు, పురుగుల మందులు వాళ్లకు అందకుండా తాళం వేయండి.

చట్టం భయం వద్దు

పోలీసులకు, బంధువులకు తెలిసిపోతుందని వైద్యం దాటవేసే ఇళ్లు చాలా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. మత్తుపదార్థాల చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తుకు బానిసై స్వల్ప పరిమాణంతో పట్టుబడినవారు తమంతట తాము గుర్తింపు పొందిన కేంద్రంలో వైద్యానికి వెళ్లి పూర్తిచేస్తే విచారణ నుంచి రక్షణ ఉంటుంది. పిల్లలకు మత్తుపదార్థం ఇచ్చినవారికి మాత్రం 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగారం. చట్టం దండించాలనుకుంటున్నది అమ్మేవాణ్ని.

వైద్యం ఉంది

గంజాయి వ్యసనాన్ని పోగొట్టడానికి ప్రత్యేకంగా ఆమోదించిన మాత్ర లేదు. మాటలతో చేసే చికిత్సలు, కుటుంబమంతా పాల్గొనే కౌన్సెలింగ్ పనిచేస్తున్నాయి. ముఖ్యమైన సంగతి, కుంగుబాటుకు ఒకచోట, వ్యసనానికి ఇంకోచోట తిప్పకుండా రెండిటినీ కలిపి చూసే వైద్యుణ్ని పట్టుకోవడం. వ్యసనం మానితే తర్వాత చూద్దామన్న షరతు పెడితే, ఆలోపే ప్రాణం ప్రమాదంలో పడవచ్చు.

టెలి మానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. మత్తు మానడానికి సాయం కావాలంటే 14446. ఆపదలో ఉన్న పిల్లలకు 1098. అమెరికా, కెనడాల్లో ఉంటే 988. వీటిని ఇప్పుడే మీ ఫోన్‌లో, మీ పిల్లల ఫోన్‌లో భద్రం చేయండి. ఫోన్ చేయడానికి పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకునేదాకా ఆగనక్కర్లేదు. వేప్ దొరికిన రోజే చేయవచ్చు, అనుమానం వచ్చిన రోజైనా చేయవచ్చు.